జ్యూసే అని చెప్పాను

ఒక అబద్ధాన్ని మోస్తూ బతకడం ఈపాటికి నాకు అలవాటై ఉండాలి. కాలేదు. దోహాలో అల్ సద్ సిగ్నల్ దగ్గర కారు ఆపినప్పుడు, అన్నంలో మజ్జిగ కలుపుకుంటున్నప్పుడు, అది గుండెల మీద కూర్చునే ఉంటుంది. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకునే ధైర్యం వచ్చింది.

పేర్లు మారుస్తున్నాను. అతను శ్రీధర్, అతని భార్య మాధవి. నిజామాబాద్ వైపు వాళ్లు. దోహాలో అల్ అజీజియాలో ఉండేవాళ్లు. నేనూ అతనూ ఒకే కంపెనీలో ఇంజనీర్లం. మాధవికి తోడబుట్టినవాళ్లు లేరు. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాదే నాకు రాఖీ కట్టింది. మా కృష్ణా జిల్లాలో ఆ పండగను అంతగా పట్టించుకోము. నేను నవ్వుతూ చెయ్యి చాపాను, స్వీట్ తిన్నాను, మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు. ఆ రోజు నుంచి నేను ఆమెకు నిజంగానే అన్నను.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు శ్రీధర్ విపరీతంగా తాగేవాడట. మందు అంత సులువుగా దొరకని చోటని మాధవి పట్టుబట్టి ఖతార్ ఉద్యోగానికి ఒప్పించింది. బయల్దేరే ముందు కూతురి తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. ఆ ఒట్టు అతను నిలబెట్టుకున్నాడు. ఈ సంగతి మాధవి నా భార్యకు చెప్పింది, నా భార్య నాకు చెప్పింది. కాబట్టి తెలియక చేశానని అనలేను. నాకు తెలుసు.

నా పిచ్చి వేరు. సెలవులు దొరికితే దోహాలో చాలామంది జార్జియా వెళ్తారు, కొండలూ మంచూ చూసి వస్తారు. నేను మాత్రం పల్లెల్లో ఇళ్ల వెనక వైన్ చేసుకునే కుటుంబాలను వెతుక్కుంటూ తిరిగేవాణ్ణి. మెడదాకా భూమిలో పాతిన పెద్ద మట్టి జాడీలు, పక్కన రొట్టె, జున్ను, అక్రోట్లు. గ్లాసు తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో ఉంచుకుని, ఇందులో ఎండు నేరేడు ఉంది, ఇందులో తడి మట్టి ఉంది అని చెప్పడం నాకు గొప్ప. గొప్ప ఊరికే రాదు కదా, వినేవాళ్లు కావాలి. ఒకసారి ద్రాక్ష కోతల సమయానికి రెండు కుటుంబాలం కలిసి వెళ్లాం. శ్రీధర్ మొదట రానన్నాడు. నిన్నెవరు తాగమన్నారయ్యా, ఊరికే చూద్దువుగాని రా అని నేనే లాక్కెళ్లాను.

ఆ ఇంటి పెరట్లో అప్పుడే ద్రాక్ష తొక్కుతున్నారు. ఇంటావిడ పిల్లలకోసం తాజా రసం ఒక కూజాలో పెట్టింది. నేను నా గ్లాసుతో నా ఉపన్యాసం మొదలుపెట్టాను. శ్రీధర్ కాసేపు చూసి, "గంత సేపు వాసన జూసుడేందన్నా, పోపు మాడిందా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. నా భార్య అయితే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. లోపల చురుక్కుమంది.

అంత చిన్న విషయానికా? అవును, అంత చిన్న విషయానికే.

పక్కనే ఇంకో జాడీ ఉంది. అందులో పులియడం మొదలైన రసం. ఇంకా తియ్యగానే ఉంటుంది, కాని అప్పటికే మందు. జాగ్రత్త, తలకెక్కుతుందని ఇంటావిడ చేత్తో సైగ చేసి మరీ చెప్పింది. మాధవీ నా భార్యా పిల్లలతో ద్రాక్ష తొక్కే చోట ఉండగా, నేను ఒక గ్లాసు ముంచి, జ్యూస్ తాగవయ్యా అని శ్రీధర్‌కు ఇచ్చాను. అతను నమ్మాడు. గటగటా తాగి, బాగుందన్నాడు. ఇంకో గ్లాసు ఇచ్చాను. ఆ తర్వాత నవ్వుతూ అసలు సంగతి చెప్పి ఆట పట్టిద్దామనుకున్నాను. కాని అతను మెట్టు మీద కూర్చుని, ఖాళీ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే ఉండిపోయాడు. ఆ ముఖం చూశాక చెప్పడం మానేసి నా గ్లాసు దగ్గరికి వెళ్లిపోయాను.

హోటల్‌కు వెళ్లాక మాధవికి వాసన తెలిసింది. నేనిచ్చింది జ్యూసే అనుకుని తాగానన్నాడట శ్రీధర్. మర్నాడు టిఫిన్ దగ్గర నన్ను అడిగింది. శ్రీధర్ నా ఎదురుగానే ఉన్నాడు.

"అన్నా, నువ్వు చెప్తె నేను నమ్ముత. ఈయనకు నువ్వు ఇచ్చిందేంది?"

"జ్యూసే ఇచ్చానమ్మా."

"మరి వాసనెందుకొచ్చింది?"

"నాకేం తెలుసు. తర్వాత ఏం తాగాడో నేను చూడలేదు."

శ్రీధర్ నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నేను ఇంకో మాట అంటానేమో అన్నట్టు ఎదురుచూశాడు. నేను కాఫీ తాగాను. అతను తల దించుకున్నాడు.

ఎందుకలా అన్నాను? భయపడ్డాను. మాధవి ముందు, నా భార్య ముందు చిన్నబోతానని భయం. దోహా వెళ్లాక నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకున్నాను. దోహా వచ్చిన వారంలోనే పాపకు జ్వరం తగిలింది. క్లినిక్‌కు నా కారులోనే వెళ్లాం. ఒట్టు తప్పినందుకే నా బిడ్డకిట్లయిందని దారి పొడుగునా మాధవి ఏడ్చింది. వెనక సీట్లో శ్రీధర్ పాప కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాల్సింది. అద్దంలో అతని ముఖం చూసి కూడా బండి నడిపాను.

పాపకు జ్వరం తగ్గింది గాని, ఆ తర్వాత మాధవి అతనితో మాట్లాడటం తగ్గించింది. అతను హోటల్ బార్లకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఎలాగూ తాగుబోతునే అన్నారు కదా అనుకున్నాడో, ఆ రెండు గ్లాసులే పాత దాహాన్ని లేపాయో, నాకు తెలియదు. నేనివ్వకపోయినా ఎప్పుడో మొదలుపెట్టేవాడేనని నాకు నేను సర్దిచెప్పుకుంటూ ఉంటాను. ఆ ఓదార్పు స్నానం చేసినంత సేపు కూడా నిలవదు. అతని ఉద్యోగం పోయింది. నిజామాబాద్ వెళ్లిపోయారు. లివర్ చెడిపోయి ఈ మధ్యే పోయాడు.

మాధవి ఫోన్ చేసింది. ఏడవలేదు. "ఆఖరి దాంక గదొక్క ముచ్చటే ఇడువలేదన్నా. జ్యూసే అనుకున్న అనుకుంటనే పోయిండు. అబద్ధమాడుకుంటనే పాయె," అంది.

నేను చెప్పలేదు. ధైర్యంగా ఉండమ్మా అన్నాను. అన్నలు అనే మాటే అన్నాను. ఇప్పుడు చెబితే ఆమెకు మిగిలేది ఏమిటి? నిజం చెప్పిన భర్తను నమ్మలేదన్న బాధ. ఆమె కోసమే దాస్తున్నానని అనుకోవాలని ఉంది. కాదు, నాకోసమే. ఆమె నన్ను అన్నా అని పిలవడం మానేస్తుందని.

అందుకే ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇలా చెప్పడం వల్ల ఎవరికీ మేలు లేదు. ఒక్కసారైనా ఈ మాట నా నోటితో రావాలి, అంతే. శ్రీధర్ అబద్ధమాడలేదు. అబద్ధమాడింది నేను.