కుదిరిన బాయ్‌నెట్

అమెరికాలోని ఇండియానాలో నెలకోసారి జరిగే తుపాకుల సంతకు ఓర్విల్ టాకెట్ తప్పకుండా వస్తాడు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. తండ్రి నాటి సైనిక షాట్‌గన్‌ను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తెస్తాడు. ప్రతి బల్ల దగ్గరా ఆగి, తుపాకీ కొసకు తొడిగే బాయ్‌నెట్ కత్తులను ఒక్కొక్కటే ఎత్తి, పిడి పైనున్న కడియాన్ని బొటనవేలితో తడుముతాడు. తన తుపాకీకి ఒకటి ఇరుకు, ఇంకొకటి వదులు. తల ఊపి, చూపించినవాళ్లకు దండం పెట్టినంత పని చేసి, పక్క బల్లకు కదులుతాడు. ఆ అక్టోబరులో పాత సామాన్లమ్మే డోరీన్ అతణ్ణి కేకేసింది. "బాబాయ్, ఇది పెట్టి చూడు. ఈసారి కుదరలేదని అనలేవు!" గొట్టం కొసకు తొడగగానే బాయ్‌నెట్ టక్కున బిగుసుకుంది. లాగినా కదల్లేదు.

"హమ్మయ్య! ఇక మీ అన్నయ్య దగ్గర గొప్పలు పోవచ్చు."

"అన్నయ్య మొన్న ఏప్రిల్లో పోయాడమ్మా."

డోరీన్ నాలుక కరుచుకుంది. ఓర్విల్ కుర్చీలో కూలబడ్డాడు.

"నాన్న ఈ తుపాకీని అన్నయ్యకిచ్చాడు. దీని బాయ్‌నెట్‌ను నా పదేళ్లప్పుడు నేనే దొంగతనంగా పట్టుకెళ్లి ఏట్లో పోగొట్టాను. పాపం, తనే ఎక్కడో పెట్టి మరిచాననుకుని చచ్చేదాకా ఇల్లంతా వెతికాడు. నేనూ పక్కనే ఉండి వెతికానమ్మా."

బాయ్‌నెట్ ఊడదీయబోతే అతని వేళ్లు దాని పిడికున్న మీట నొక్కలేకపోయాయి. డోరీన్ అతని చేతిమీద తన చెయ్యి వేసింది.