బీడీ మూతి మీద చిన్న గోరు

పంతొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వయసుతో పాటు బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఇంట్లో చెప్పుకోలేనిది మీకు చెబుతున్నాను.

ఖానాపూర్ దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లు చుట్టి తెచ్చిన బీడీలను చూసి తీసుకోవడం నా పని. ఆకు పగిలినవి, దారం వదులైనవి ఏరి పారేసేదాన్ని. మూతి మడత చూస్తే చాలు, ఏ కట్ట ఎవరిదో చెప్పేదాన్ని. అది నాకు గర్వం.

మా వాడకట్టు లచ్చవ్వ మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడింది. ఒక పూట తాగకపోతే చేతులు వణికేవి. మొగుడూ కల్లు దుకాణంలోనే పడి ఉండేవాడు. ఆమె బీడీల్లో సగం పారేసేదాన్ని. అలాంటిది, పంతొమ్మిదేళ్ల కిందటి వానాకాలం నుంచి ఆమె కట్టలు బిగువుగా రాసాగాయి. మూతి మడతలో చిన్న గోటి గుర్తు. కూతురు రజితది. పదకొండేళ్ల పిల్ల. బడి మానేసింది. నాకు మొదటిరోజే తెలిసింది. తెలిసే తీసుకున్నాను.

దసరా సెలవులు అయిపోయిన మర్నాడు, మంగళవారం, బడి పంతులమ్మ వచ్చింది. హాస్టల్ బడిలో ఒక్క సీటుందట. ఆ ఇంటి సంగతి నేను చెబితే రజితను చేర్పిస్తానంది.

"లచ్చవ్వ బాగ తాగుతదట గదా పెద్దమ్మా? బీడీలు పిల్లనే చేస్తదా?"

"ఎవలన్నరు బిడ్డా? పండుగకు నేను తాగనా? బీడీలు లచ్చవ్వనే చేస్తది. చేతిపని నేను గుర్తువట్టనా?"

"మరి పిల్ల బడికి వస్తలేదు."

"జరమొచ్చింది. వస్తది తియ్."

"నీ కన్ను తప్పదని ఊరంత అంటది" అని నవ్వి వెళ్లిపోయింది. సీటు ఇంకో పిల్లకు పోయింది.

ఎందుకన్నాను? లచ్చవ్వ పరువు కోసమా? చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. ఆ ఏడు చుట్టేవాళ్లు తగ్గారు, మంచి కట్టలు రాకపోతే నా పని ఇంకొకరికి ఇస్తామని కంపెనీ మనిషి అన్నాడు, వాడలో అందరికంటే మంచి బీడీలు ఆ పిల్లవి. అంతే. పోనీ, పిలిచి ఇంత అన్నం పెట్టానా? ఒక్కసారి గుప్పెడు అటుకులు పెట్టాను. చీర కొంగు లేని పిల్ల, తన తమ్ముడికని వాటిని గౌను అంచులో మూట కట్టుకుంది. చూసి ఊరుకున్నాను.

లచ్చవ్వ పోయింది. రజిత ఇంకా బీడీలే చుడుతోంది. మొన్న రేషన్ దుకాణం దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "పెద్దవ్వా, ఊరంత తిట్టినా నువ్వొక్కదానివే నన్ను గన్న అవ్వను ఒక్క మాట అనలే. నీ మేలు నేను మర్వ." హాస్టల్ సీటు సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. అప్పుడు కూడా.

ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికవుతోంది. ఆ తేలిక నాకు దక్కవలసింది కాదేమో. అయినా పంతులమ్మ అడిగినదానికి జవాబు ఇప్పుడైనా రాయాలి.

ఆ బీడీలు లచ్చవ్వవి కావు. రజితవి. నాకు తెలుసు.