కొత్త బ్యాటరీతో కూకట్‌పల్లి దాటిన విధం

బొంబాయి రోడ్డు మీద, కూకట్‌పల్లికి అవతల వెలిసిన ఒక ఫ్యాక్టరీవాళ్లు గుమాస్తా ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. బి.కాం. ప్యాసైన నాటి నుంచి మా వీధి అరుగు మీద నేను మోస్తున్న గురుతర బాధ్యతల నుంచి తప్పించుకోవడానికి అదొక్కటే దారి. నారాయణగూడలో సిటీ బస్సెక్కి, అమీర్‌పేటలో బస్సు మారితే రూపాయి లోపు ఖర్చుతో, గంటన్నరలో గేటు ముందుంటారు. అది తెలివైనవాళ్ల దారి. మా బాబాయికి ఒక పాత కారుంది కనక నాది వేరే దారైంది. బస్సు దిగినవాడికి ఉద్యోగం ఎవడిస్తాడ్రా, కారు దిగితే ఆ విలువే వేరన్నాడు. ఆ కారుకి బ్యాటరీ చచ్చి నెలలైందని గుర్తు చేస్తే, కొత్తది కొందాం పదమన్నాడు.

ముందురోజు పొద్దున్నే అబిడ్స్ దగ్గర బ్యాటరీల కొట్టుకి వెళ్లాం. కొత్త బ్యాటరీ అంటే సంచీలో వేసుకొచ్చి బిగించేసే సరుకు కాదు. అది పొడిగా వస్తుంది. యాసిడ్ పోసి, ఒక పగలూ ఒక రాత్రీ చార్జింగులో ఉంచాలి. కొట్టాయన ఆ మాటే చెప్పి రేపు రమ్మన్నాడు. బాబాయి పంచాంగం చూసి వచ్చాడు. సాయంత్రం దాటితే అమావాస్య. అమావాస్య ఘడియల్లో కొత్త వస్తువు బండెక్కకూడదు. ఆ అమావాస్యనాడే ఇంటర్వ్యూ కదా అని అడిగితే, అది ఫ్యాక్టరీవాళ్లు పెట్టుకున్న ముహూర్తం, దోషం వాళ్లదేనన్నాడు. పొద్దు వాలకముందే బ్యాటరీని చార్జింగు నుంచి తీయించేశాడు.

"సగం కడుపుతోని తీస్కపోతున్నరు సాబ్. దారిల ఆకలంటది," అన్నాడు కొట్టాయన.

ఇంటికొచ్చాక దానికి పసుపూ కుంకుమా పెట్టి బిగించాం. కారు ముందు దూర్చి తిప్పే ఇనప హ్యాండిల్‌ని బాబాయి ఇంట్లోనే దింపేశాడు. కొత్త బ్యాటరీ ఉండగా అది వెంట ఉంటే అపనమ్మకమట.

మర్నాడు ఎనిమిదింటికి బయల్దేరాం. కూకట్‌పల్లి దాకా కారు పెళ్లికొడుకులా నడిచింది. ఊరు దాటాక, జొన్నచేల పక్కన, కొత్త బ్యాటరీకి కొబ్బరికాయ కొట్టాలని బాబాయి బండి నిలిపి, తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. కాయ చక్కగా పగిలింది. కారు మాత్రం మళ్లీ పలకలేదు. చూస్తుండగా నేనెక్కాల్సిన బస్సు మా మీద దుమ్ము పోసి వెళ్లిపోయింది.

అప్పుడొచ్చాడు మల్లేశం. ఖాజాగూడ నుంచి, కొండాపూర్ మీదుగా, రాళ్ల మధ్య బండిదారిలో సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. ఒంటి మీద బనియను, హ్యాండిలుకి పేపర్లో చుట్టిన ఇస్త్రీ చొక్కా. అతనూ అదే ఇంటర్వ్యూకి. మేం అడగనే లేదు. సైకిలుకి స్టాండు వేసి వచ్చి, "ఫికర్ చెయ్యకన్నా, ఇద్దరం నూకితె ఎందుకు లేవది," అన్నాడు. అది ఇద్దరి మాట విని లేచే కారు కాదు. ఎదురు ఎత్తు మీద తోస్తూ, ఆగుతూ, తోస్తూ, ఇంటర్వ్యూకి రమ్మన్న పదిగంటల వేళ అక్కడే దాటిపోయింది. చివరికి ఇంజను దగ్గి అందుకుంది. ఎక్కమన్నాడు బాబాయి. సైకిలు ఎవరి పాలు చేసి రావాలి పెద్దాయనా, మీరు పోండి, వెనకనే వస్తనన్నాడు మల్లేశం.

మేం చేరేసరికి ఫ్యాక్టరీ గేటు మూసేశారు. మా కారుని చూసి వాచ్‌మన్ సలాం కొట్టి తీశాడు. వెనకే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెమటతో వచ్చిన మల్లేశాన్ని ఆపాడు. మాతోపాటే వచ్చాడనీ, మా వల్లే ఆలస్యమైందనీ చెప్పాను.

"కారుకు టైముండది సార్," అన్నాడు వాచ్‌మన్. "సైకిలుకు ఉంటది."

లోపల ఆఫీసరుగారు కిటికీలోంచి అంతా చూసినట్టున్నారు. చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు. ఇంట్లో కారున్నవాడివి నీకీ గుమాస్తా పని ఎందుకయ్యా, అవసరమున్నవాళ్లకి ఇద్దామన్నారు. అవసరమున్నవాడు గేటు బయట నిలబడ్డాడండీ అన్నాను. వేళకి రానివాడికి అవసరమేముంటుందని ఆయన కాగితాలు మడిచారు.

బయటికొస్తే మల్లేశం గోడ నీడలో ఉన్నాడు. ఇంకోసారి పిలిస్తే పనికొస్తుందని, లోపల ఏమడిగారో చెప్పమన్నాడు. చెప్పాను. ఈ పని నీకెందుకన్నదొక్కటే ప్రశ్న.

"గా సవాలుకు నా దగ్గర జవాబుండె అన్నా," అన్నాడు.

ఆ దారి మంచి దారే. రాళ్లు, చేలు, చల్లటి గాలి, ఎక్కడికక్కడ టీకొట్టు. మా ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడల్లా అమావాస్య ప్రభావమని తేల్చేస్తారు. మల్లేశం ఇంట్లో ఏమని తేల్చుకున్నారో కనుక్కోవడానికి ఖాజాగూడ వెళ్లాలని చాలాసార్లు అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తోచక ఆగిపోయాను. నాకు చేతనైన హాస్యమంతా ఆ ఊరి పొలిమేర దగ్గర అయిపోతుంది. అటు వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: కొత్త బ్యాటరీకి కొట్టాయన అడిగినంతసేపూ చార్జింగు పెట్టించండి. మీ తొందర ఖరీదు మీరే చెల్లిస్తారని నమ్మకం లేదు.