ఏ రోజున పోయినట్టు?

ఉనాయిసి లాయరు కాదు. ఆ మాట చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది. ఫిజీ దీవుల్లోని సవుసవు కోర్టులో ఆమె దుబాసీ. ఫిజీ మాటనూ హిందీ మాటనూ ఇంగ్లీషులోకి మార్చి మేజిస్ట్రేటు గారికి చెప్పాలి, ఆయన ఇంగ్లీషును తిరిగి ఎవరి భాషలో వాళ్లకు చెప్పాలి. నేను అదే కోర్టులో టైపిస్టును. ఆమె నోట్లోంచి వచ్చిందల్లా నా వేళ్ల కిందికే వచ్చేది. అందుకని ఆమె అలసట నాకు తెలిసినంతగా వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా తెలియదనుకుంటాను.

ఆమె తండ్రి కొబ్బరి తోటలో బట్టీ మీద కొబ్బరి ఎండబెట్టేవాడు. ఆ తోట కూలీలకు వరసగా కట్టిన లైనిళ్లలోనే హిందుస్తానీవాళ్ల పిల్లలతో కొట్లాడుతూ హిందీ నేర్చుకుంది. ఇంగ్లీషు మిషను బడిలో బెత్తం నేర్పింది. మూడు భాషలూ వచ్చిన ఆడపిల్ల అప్పట్లో ఆ చుట్టుపక్కల లేదు. కోర్టువాళ్లు పిలిచి ఉద్యోగం ఇచ్చారు.

దుబాసీ పనిలో ఒక చిక్కుంది. ముద్దాయి 'నేను' అంటే దుబాసీ కూడా 'నేను' అనే అనాలి. 'అతను కొట్టాడట' అనకూడదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉనాయిసి "నేనే కొట్టాను", "నేను ఆ పడవ ముట్టుకోలేదు", "నా మొగుడు నన్ను వదిలేశాడు" అంటూ నిలబడేది. ఇంటికెళ్లాక తనకంటూ చెప్పుకునే మాటేదీ మిగిలేది కాదు. చెల్లెలు ఏమడిగినా తల ఊపి, వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చునేది.

ఊరు ఊరుకుంటే కదా. బజారులో చేమదుంపలు ఏరుకుంటుంటే ఒకడు వచ్చేవాడు.

"లాయరమ్మా, ఒక్క మాట. చెట్టు నాది, కొబ్బరికాయ నాది, అది పడిన తల మా బావమరిదిది. తప్పెవరిది?"

"నేను లాయర్ని కాను నాయనా."

"తెలుసులేమ్మా. లాయరైతే డబ్బు తీసుకుంటాడనేగా నిన్నడుగుతున్నది!"

చర్చి మెట్ల మీద ఇంకొకడు పట్టుకునేవాడు. "పిన్నీ, కోర్టులో అబద్ధం చెప్పానని నేనే ఒప్పుకుంటే, నన్ను అబద్ధాలకోరు అంటారా, నిజాయితీపరుడు అంటారా?" పక్కింటి పంది తన పెండలం తోటను మేసేస్తే ఆ పందిని కోసుకు తినడం దొంగతనమా, పెండలం వెనక్కి తీసుకున్నట్టా అని ఒక ముసలాయన ఆమెను బస్సు దిగేదాకా వదల్లేదు. కొన్నింటికి జవాబు ఆమెకు తెలుసు. కానీ ఒకదానికి చెబితే వెనకాల పది కాచుక్కూర్చుంటాయి. అందుకే తల అడ్డంగా ఊపి నడిచిపోయేది.

కెలెరా అనే ఆమె మటుకు అలా వచ్చి మీద పడలేదు. బస్టాండులో ఉనాయిసి పక్కన కూర్చుని, ఒళ్లోని బుట్టను సర్దుకుంటూ ముందు తన సంగతి చెప్పుకుంది. ఆమె మొగుడు ఇలైతియ చేపలకని వెళ్లి తిరిగి రాలేదు. పడవ మాత్రం పగడాల దిబ్బ దగ్గర బోర్లా పడి దొరికింది. ఇదంతా జరిగి ఏడేళ్లు దాటింది. ఇప్పుడు బస్సు నడిపే పౌలియాసి ఆమెను చేసుకుంటానంటున్నాడు. అతని పెళ్లాం పోయి చాలా కాలమైంది. పాస్టరు గారు మాత్రం, మొదటి మొగుడు లేడని కోర్టు చెబితే తప్ప పెళ్లి చేయనన్నారు.

"అక్కా, ఏడేళ్లు కబురు లేకపోతే మనిషి పోయినట్టే అని చట్టంలో ఉందట, నిజమేనా?"

"ఉంది."

"మరి కోర్టు పోయాడన్నాక అతను తిరిగొస్తే? నేనెవరి పెళ్లాన్ని?"

ఉనాయిసి నిట్టూర్చింది. "అది నేను చెప్పేది కాదు కెలెరా. లాయర్నడుగు."

"అడిగాను. వచ్చినప్పుడు చూద్దాంలే అన్నాడు. అక్కా, వస్తాడని ఆయనా అనుకుంటున్నాడా ఏమిటి?"

బస్సు వచ్చింది. ఉనాయిసి లేచి ఎక్కేసింది. దారంతా ఆ ప్రశ్న తన పక్క సీట్లోనే కూర్చుందని మర్నాడు నాతో అంది.

కేసు పిలిచిన రోజు కెలెరా చర్చికి కట్టుకునే గౌనులో వచ్చింది. వెనక బల్ల మీద ఇలైతియ తల్లి కూర్చుంది. శవం లేని చావు చావు కాదని ఆమె కొడుక్కి కర్మ చేయనివ్వలేదు, కోడల్ని ఏడవనివ్వలేదు. ఈదుకుంటూ ఏ దీవికో చేరి ఉంటాడని ఆమె నమ్మకం.

మేజిస్ట్రేటు పిళ్లై గారు మంచివారు, నెమ్మదిగా మాట్లాడేవారు. ప్రమాణం అయ్యాక అడిగారు: "ఈ ఏడేళ్లలో అతని గురించి నీకు ఏమైనా కబురు అందిందా?"

కెలెరా తల వంచుకుంది. "వస్తుంటాడండీ."

నా వేళ్లు ఆగిపోయాయి. ఉనాయిసి మటుకు ఆగలేదు. "వస్తుంటాడండీ" అని ఇంగ్లీషులో చెప్పింది. వెనక ముసలావిడ సగం లేచింది.

"ఎప్పుడు వచ్చాడు?"

"కల్లోనండీ. తడిబట్టలతో వచ్చి చాప మీద కూర్చుని, టీ ఏదే అంటాడు. నేను నీళ్లు పెట్టేలోపు మెలకువ వచ్చేస్తుంది."

ఆ మాట మింగేసి 'కబురు లేదండీ' అని ఉంటే పని తేలిగ్గా అయిపోయేది. ఉనాయిసి ఒక్క అక్షరం వదలకుండా, తడిబట్టలతో సహా, 'నేను నీళ్లు పెట్టేలోపు' అని చెప్పింది. పిళ్లై గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కల్లో వచ్చిన కబురును చట్టం కబురు కింద లెక్క వేయదమ్మా. అతను చనిపోయాడని నువ్వు నమ్ముతున్నావా?"

కెలెరా అత్తవైపు చూడకుండా చెప్పింది. "నా మొగుడు పోయాడని నమ్ముతున్నానండీ."

ఉనాయిసి ఇంగ్లీషులో 'నా మొగుడు' దాకా అని ఆగిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అలా జరగడం అదే మొదలు. మంచినీళ్లు అడిగి, తాగి, అప్పుడు చెప్పింది. నేను టైపు చేశాను.

ఇలైతియ పోయినట్టేనన్న తీర్పు వినగానే ముసలావిడ లేచి నిలబడింది. బంట్రోతు కూర్చోబెట్టబోతే పిళ్లై గారు వద్దన్నారు.

"అయ్యా, నా కొడుకు ఏ రోజున పోయినట్టు?"

"ఇవాళ్టికి బతికి లేడని మాత్రమే చట్టం అంటుందమ్మా. ఏ రోజున అన్నది చెప్పదు."

"రోజు తెలియనివాళ్లకు, పోయాడని మాత్రం ఎలా తెలిసిందయ్యా? మా ఆనవాయితీకి పోయిన రోజు నుంచి నూరు రాత్రులు దుఃఖం పాటించాలి నేను. ఎక్కణ్ణుంచి లెక్కపెట్టుకోను?"

ఉనాయిసి తర్జుమా చేసింది. ఎవరూ నవ్వలేదు. పిళ్లై గారు, "దీనికి నా దగ్గర జవాబు లేదని చెప్పు" అన్నారు. ఆమె చెప్పింది.

బయట మామిడిచెట్టు కింద ముసలావిడ ఉనాయిసి చెయ్యి పట్టుకుంది. "ఆయన పెద్దాయన, చెప్పలేడు. నువ్వు చెప్పు బిడ్డా."

ఉనాయిసి చెయ్యి విడిపించుకుని వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. అక్కడే నేల మీద కూలబడింది. "నాకూ తెలీదమ్మా. నిజంగా తెలీదు."

ముసలావిడ కూడా ఆమె పక్కనే నేల మీద చతికిలబడింది. తర్వాత, "ఇవాళే" అంది. "ఇవాళేగా నేను విన్నది. నా మటుకు వాడు ఇవాళే పోయాడు."

కెలెరాకు ముందు అర్థం కాలేదు. ఇవాళ పోయినట్టయితే నూరు రాత్రులు అయ్యేదాకా పెళ్లి లేదు. అక్కడే కాచుకుని ఉన్న పౌలియాసి బస్సు తాళాలు వేలికి తిప్పుకుంటూ, "అమ్మా, ఇంకా మూడు నెలలా?" అన్నాడు.

"నా కొడుకు కోసం ఏడేళ్లు ఆగింది పిల్ల. నువ్వు మూడు నెలలు ఆగలేవట్రా?"

"ఆగుతాలే, ఆగుతా" అన్నాడతను తల గోక్కుంటూ.

అప్పుడు ఏడ్చింది కెలెరా. ఏడేళ్లూ లోపల దాచుకున్నదంతా అత్త ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ముసలావిడ ఆమె జుట్టు నిమురుతూ, తన ఏడుపు తాను ఏడ్చింది.

ఆ సాయంత్రమే, మొదటి రాత్రికని, ముసలావిడ ఇంట్లో చాపలు పరిచారు. చుట్టాలు నూరి నీళ్లలో కలిపి తాగే యంగోనా వేళ్లు తెచ్చారు, వంటకు కావలసిన కట్టెలు పౌలియాసి కొట్టి బస్సులో వేసుకొచ్చాడు. తాను చేసుకోబోయే మనిషి మొదటి మొగుడి దినానికి కట్టెలు కొట్టిన మగవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. నూరు రాత్రులు గడిచాక పెళ్లి జరిగింది. ముసలావిడ ఇప్పుడు వాళ్లతోనే ఉంటోంది.

ఉనాయిసి కూడా ఆ మొదటిరోజు వెళ్లింది. ఆడవాళ్ల మధ్య కూర్చుని చేమాకు వలుస్తూ వలుస్తూ ఒక పక్కకు ఒరిగి నిద్రపోయింది. ఏదో అడగాలని ఒకడు దగ్గరికి రాబోతే ముసలావిడ చేత్తో అదిలించి, తన శాలువా తీసి ఆమెకు కప్పింది. మర్నాడు ఎండ నడినెత్తికెక్కేదాకా ఆమె లేవలేదు. ఆ రోజు కోర్టులో దుబాసీ లేక రెండు కేసులు వాయిదా పడ్డాయి.