స్టీరింగు డబ్బాలో కింది గీత

మొన్న శుక్రవారం మా కోడలు కొత్త కారు ఇంటికి తెచ్చింది. పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాక, పాత అలవాటు ఊరుకోక, బానెట్ తెరవమని అడిగాను. లోపలికి తొంగి చూస్తున్న నన్ను చూసి ఏం వెతుకుతున్నారంది. స్టీరింగు ఆయిలు డబ్బా ఏదమ్మా అంటే, “దీనికి ఆయిలే ఉండదత్తయ్యా, కరెంటు మీద తిరుగుతుంది. మీకా డ్యూటీ తప్పింది” అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

మాది మామిడి తోటలు పాటకు తీసుకునే ఇల్లు. పూత దిగింది మొదలు కోతలయ్యేదాకా మావారు ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు తోటలు రోజూ తిరగాలి. చిన్నతనంలో చెట్టు మీంచి పడి విరిగిన ఆయన కుడిచెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, బలం లేదు. అందుకని మా మరిది మోటార్ సైకిల్ వెనక కూర్చుని వెళ్ళడమే. తోటలో పాతికమందికి పని చెప్పే మనిషి, ఇంటికి రావడానికి తమ్ముడు ఎప్పుడొస్తాడా అని దారి చూస్తూ నిలబడాలి. నోరు తెరిచి ఏనాడూ అనలేదు గానీ, అది ఆయన్ని లోపల తొలిచేదని నాకు తెలుసు.

నలభై అయిదో ఏట బెజవాడలో పవర్ స్టీరింగు ఉన్న పాత కారొకటి కొన్నారు. ఎడమచెయ్యి గేరు మీదకి వెళ్ళినప్పుడు చక్రం తిప్పాల్సింది కుడిచెయ్యే కదా, మామూలు కార్లలో అది ఆయన వల్ల అయ్యేది కాదు, ఈ కారులో మాత్రం ఆ బలహీనమైన వేళ్ళకే చక్రం చెప్పిన మాట వినేది. మొదటిరోజు నన్నొక్కదాన్నే ఎక్కించుకుని తోటదాకా తీసుకెళ్ళారు, దారి పొడుగునా సన్నగా ఈల వేస్తూనే ఉన్నారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయనకి ఈల వచ్చని నాకు తెలియదు. ఆ సాయంత్రం దేవుడి ముందు కూర్చుని ఏమీ అడగలేదు, దండం పెట్టుకుని లేచాను.

బానెట్ ఎత్తి పట్టుకోవడం ఆ చేతితో కాదు కనుక ఆ పని నాకు వచ్చింది. నేను బడి మొహం ఎరగనిదాన్ని, మా నాన్నగారు ఇంట్లో దిద్దించిన తెలుగు తప్ప ఇంగ్లీషు రాదు, అందుకని డబ్బా మీది రెండు గీతల్నీ పై గీత, కింది గీత అని గుర్తు పెట్టుకున్నాను. ప్రతి శుక్రవారం స్నానం చేసి, దీపం పెట్టి, కారు తుడిచి, మూత చుట్టూ దుమ్ము పోయాకే మూత తీసి, ఎర్రటి ఆయిలు ఆ గీతల మధ్య ఉందో లేదో చూసేదాన్ని. తగ్గితే నాకు చెప్పు, అని ఆయన మొదట్లోనే అన్నారు.

మరుసటి ఏడు కోతల కాలంలో తగ్గింది, కింది గీతకి దిగింది. ఆయన చెప్పులేసుకుని బయలుదేరుతున్నారు. ఇంట్లో ఉప్పు, పసుపు, నూనె తగ్గాయన్న మాట నోట రానీయకూడదని, చూసినవాళ్ళు చప్పుడు చెయ్యకుండా నింపాలని మా అత్తగారు నేర్పిన పద్ధతి. ప్రయాణమయ్యే మనిషితో ఆ మాట ఎలా అనను? అలమరలో ఉన్న స్టీరింగు ఆయిలు సీసా తీసి పై గీతదాకా పోశాను. మరుసటి శుక్రవారమూ అంతే, ఆ పై శుక్రవారమూ అంతే. కుందిలో నూనె తగ్గితే ఎక్కడికి పోయిందని అడుగుతామా, వెలిగింది కనుక తగ్గింది, ఇదీ తిరిగింది కనుక తగ్గిందనుకున్నాను. అలా రెండు సీసాలు ఖాళీ చేశాను.

ఒక మధ్యాహ్నం తోట దారిలోంచి ఆగిరిపల్లి రోడ్డెక్కే మలుపులో చక్రం బిగుసుకుపోయింది. ఎదురుగా కాయల ట్రాక్టరు. ఎడమచెయ్యి గేరు మీదుంది. కుడిచెయ్యి ఎంత లాగినా చక్రం కదల్లేదట, కారు పోయి కంచె రాయిని గుద్దింది. దేవుడి దయ, ప్రాణానికేమీ కాలేదు. కుడిచెయ్యి మాత్రం పాత అతుకు దగ్గరే మళ్ళీ విరిగింది.

మూడోరోజు మెకానిక్ ఇంటికొచ్చాడు. కాఫీ పట్టుకుని నేను గుమ్మంలో ఉన్నాను.

“పైపు మొన్న పగిలింది కాదు బాబాయిగారూ, చీలిక నెలబట్టీ ఉంది. కింద జిడ్డు ఇంత మందాన పేరుకుంది. ఈ ఆయిలు ఊరికే తగ్గదండి, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఎవరండీ చూసుకోకుండా పోసుకుంటూ పోయింది?”

నేను నోరు తెరిచేలోగా మంచం మీంచి ఆయనే అందుకున్నారు. “నేనేలేవోయ్. పనిలో పడి పట్టించుకోలేదు.”

“బాగుందండీ! కాయకి సొన కారితే గట్టు మీంచే పసిగడతారు, సొంత బండి కారితే కనపడలేదా?” అన్నాడతను.

“వయసు మీద పడుతోంది కదా” అని నవ్వేశారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో. కాఫీ అక్కడ పెట్టి లోపలికి వచ్చేశాను.

ఆ చెయ్యి మళ్ళీ చక్రం పట్టలేదు. కారు అమ్మేశాం. మళ్ళీ తమ్ముడి వెనక సీటే, మళ్ళీ తోట గట్టున ఎదురుచూపులే. ఈల నేను మళ్ళీ వినలేదు. ఆ తరవాత ఎనిమిదేళ్ళున్నారు. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు. రోజూ దేవుడికి చెప్పుకునేదాన్ని. “ఏవండీ, పోసింది నేనండీ” అని మాత్రం ఆయనతో అనలేకపోయాను. ఆయనకి తెలుసని నాకు తెలుసు. అయినా నా నోటంట వినాల్సిన మాట వినకుండానే వెళ్ళిపోయారు.

ఇప్పటి కార్లకి ఆ డబ్బా లేదు, గీతలు లేవు. మంచిదే, నాలాంటివాళ్ళు చేసే తప్పుకి చోటే లేదు. కానీ వారానికోసారి ఒకరి కోసం ఇంకొకరు బానెట్ ఎత్తి వంగి చూసే ఆ కాసేపు కూడా దాంతోనే పోయింది. మా అత్తగారి పద్ధతులన్నీ ఈనాటికీ పాటిస్తున్నాను, ఆ ఒక్కటీ మానేశాను. నిన్న సాయంత్రం దీపం దగ్గర కూర్చుని, వంటింట్లో ఉన్న కోడలికి వినపడేలా గట్టిగా అన్నాను, నూనె తగ్గిందమ్మా అని. సీసా తీసుకుని పరుగున వచ్చింది పిచ్చిపిల్ల, అంత గట్టిగా ఎందుకు చెప్పానో తెలియక.