మావయ్య పలక

మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, అమలాపురం చుట్టుపక్కల కొబ్బరితోటల్లో కాయలు దింపే బేరాలు కుదిర్చేవాడు. అది ఆయన బతుకుతెరువు. ఆయన అసలు పని మాత్రం పలకరింపు. చుట్టాల్లో ఎవరికి జబ్బు చేసినా, ఎవరు పోయినా, మా ఇళ్ళ తరఫున ముందు వెళ్ళేది ఆయనే. మా నాన్నలాంటివాళ్ళు వెళ్ళి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని వచ్చేసేవారు. మావయ్య వెళితే, రెండు రోజులుగా పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి కూడా లేచి నాలుగు మెతుకులు తినేది.

తొంభైల్లో, నాకు ఏడెనిమిదేళ్ళప్పటినుంచీ, నన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. రాజోలు వైపు వెళ్ళాలంటే అప్పట్లో స్కూటర్‌తో సహా పంటు పడవెక్కి గోదారి పాయ దాటాలి. "తమరిదే ఊరండీ?" అని మొదలుపెట్టాడంటే, అవతలి రేవు చేరేసరికి పంటు మీద సగంమంది ఆయనకి బంధువులైపోయేవారు. దారిలో నాకు పాఠం నడిచేది.

"పోయినవాళ్ళింటికెళ్ళి 'ఎలా పోయేరండీ' అని అడక్కూడదురా అల్లుడూ. అప్పటికి వందమందికి చెప్పుంటారు. 'ఏమైనా తిన్నారా' అనడుగు. తర్వాత పోయినాయన గురించి నీకు తెలిసింది ఒకటి నువ్వే చెప్పు. మిగతాది వాళ్ళే అందుకుంటారు. లేచేటప్పుడు మాత్రం 'వెళ్ళొస్తాను' అనకు. అలాంటింటికి మళ్ళీ వస్తాననకూడదు. చెప్పకుండా లేచొచ్చేయాలి."

"ఆయ్" అనేవాణ్ణి.

ఒకసారి కొత్తపేట దగ్గర ఒక ముసలావిడ భర్త పోతే వెళ్ళాం. ఆవిడ ఎవరు మాట్లాడినా పలకడం లేదు. నేను పక్కన చేరి, "తాతయ్యగారు నాకు చెరుకు కొట్టిచ్చి, పిప్పి మింగెయ్యకురా అన్నారండీ" అన్నాను. ఆవిడ నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే భోరుమంది. బయటికొచ్చాక మావయ్య నా తల మీద చెయ్యి వేసి, అక్కడున్న పెద్దలతో "నా తర్వాత వీడేనండీ" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు నాకు మళ్ళీ దొరకలేదు.

నేను డిగ్రీలో చేరేసరికి బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ వచ్చింది. ఏసీ గది కాబట్టి చెప్పులు బయట విప్పాలి. లోపల చెక్క గదులు, వాటికి తెరలు. అంతకుముందు మా స్నేహితులం ఏడుగురం సాయంత్రాలు కాలువ చప్టా మీద కూర్చుని కొట్టుకునేంతగా వాదించుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ ఏడుగురం పక్కపక్క గదుల్లో కూర్చుని చాటింగ్‌లో తిట్టుకునేవాళ్ళం. బయటికొచ్చాక ఎవడి చెప్పులు వాడు వేసుకుని, ముఖాలు చూసుకోకుండా సైకిళ్ళెక్కేవాళ్ళం. తప్పనిపించలేదు. మాట్లాడుకోవడం లోపలే అయిపోయిందిగా అనుకునేవాళ్ళం.

చాటింగ్‌లో నేను మొనగాణ్ణి. ఎక్కడో విదేశంలో ఉన్నానని చెప్పుకున్న ఒకమ్మాయి, నిజంగా అమ్మాయో కాదో నాకు తెలియదు, వాళ్ళ అమ్మమ్మ పోయిందని రాసింది. నేను మొదట అడిగింది "ఏమైనా తిన్నావా?" అని. రెండు గంటలు ఓదార్చాను. నువ్వు దేవుడిలా దొరికావని రాసింది. నేర్పినవాడు మావయ్య, ఆ విద్య ఖర్చయింది ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మావయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. "ఏంట్రా అల్లుడూ, కబుర్లేంటి?" అంటే, "ఏం లేవండి" అని లోపలికెళ్ళిపోయాను. అలా ఎన్నిసార్లు వెళ్ళిపోయానో లెక్కలేదు.

ఇంటర్నెట్టే పిల్లల్ని చెడగొట్టిందని తేల్చేసి చేతులు దులుపుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నన్నెవరూ ఈడ్చుకెళ్ళలేదు. అక్కడ మాట తప్పు పడితే చెరిపెయ్యొచ్చు. విసుగొస్తే మధ్యలో మాయమవ్వొచ్చు. ఎదుటిమనిషి కళ్ళలోకి చూడక్కర్లేదు. ఆ సుఖం మరిగాక బతికున్న మనుషుల ముందు కూర్చోవడం నాకు చాకిరీ అయిపోయింది.

రెండువేల అయిదు ప్రాంతంలో మావయ్యకి గొంతులో పుండు లేచింది. కాకినాడలో ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. ఆ మాటే తిండి పెట్టిన మనిషికి.

"వెళ్ళి మావయ్యని పలకరించిరారా. అందరూ వస్తున్నారు, నువ్వే రాలేదని చూస్తున్నాడంట," అని అమ్మ రోజూ పోరేది. "రేపెళ్తానమ్మా" అనేవాణ్ణి. మూడు వారాల రేపులయ్యాక, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వెళ్ళాను.

మావయ్య మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మెడకి గుడ్డ చుట్టి ఉంది. ఒళ్ళో చిన్నపిల్లల పలక, చేతిలో బలపం. నన్ను చూడగానే ముఖమంతా వెలిగిపోయింది. గబగబా రాసి పలక నావైపు తిప్పాడు. "ఎప్పుడొచ్చేవు అల్లుడూ?"

నేను ఆయన చేతిలోంచి పలకా బలపం తీసుకున్నాను. ఆయన రాసింది చెరిపేసి, కింద రాశాను. "ఇప్పుడేనండి. ఎలా ఉన్నారు?" రాసి ఆయనకి చూపించాను.

ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను. అక్షరాలు కనబడ్డాయి, నా వేళ్ళు జవాబిచ్చేశాయి.

అత్తయ్య గుమ్మంలో కాఫీగ్లాసుతో నిలబడిపోయింది. "ఆయనకి చెవులు బానే ఉన్నాయి నాన్నా," అంది మెల్లగా. "గొంతొక్కటే పోయింది."

మావయ్య నా రాతవైపు చాలాసేపు చూశాడు. కోపం లేదు. ఏదో అర్థమైనట్టు చూశాడు, అదే నాకు భరించరానిదైంది. పలక తీసుకుని అరచేత్తో తుడిచి రాశాడు. "నోటితో చెప్పు. ఏదో ఒకటి. వింటాను."

నేను నోరు తెరిచాను. పంటు గురించి చెప్పొచ్చు. కొత్తపేట ముసలావిడ గురించి చెప్పొచ్చు. కాలేజీలో జరిగిన ఏ చెత్తయినా చెప్పొచ్చు. ఆయన ముందుకి వంగి, చిన్నపిల్లాడు కథకోసం చూసినట్టు నా నోటివైపు చూస్తున్నాడు. "బాగానే ఉన్నానండి," అన్నాను. తర్వాత గోడమీద క్యాలెండరు చూశాను. మోగని సెల్ తీసి చూసుకున్నాను. కాఫీ తాగేశాను. లేచినప్పుడు ఆయన మళ్ళీ రాశాడు. "మళ్ళీ రా."

"ఆయ్. వెళ్ళొస్తానండి," అన్నాను. అది జబ్బు మనిషి ఇల్లు, అక్కడ ఆ మాట అనొచ్చు. అని, మళ్ళీ వెళ్ళలేదు. మా ఇంటినుంచి వాళ్ళింటికి సైకిల్ మీద పావుగంట. ఆ తర్వాత ఆయన బతికిన నాలుగు నెలల్లో నేను సెంటర్‌కి వెళ్ళని రోజు లేదు.

మావయ్య పోయిన మర్నాడు వాళ్ళింటికి మా ఇంటి తరఫున వెళ్ళడానికి మాట చేతనైనవాడు ఎవడూ మిగల్లేదు. అమ్మ నన్నే పంపింది. అత్తయ్య చాప మీద గోడకి చేరబడి ఉంది. నన్ను చూసి ఏడవలేదు.

"నువ్వొస్తావని రోజూ పొద్దున్నే పలక తుడిపించుకునేవారు నాన్నా," అంది. "మా అల్లుడు చిన్నప్పుడు భలే కబుర్లు చెప్పేవాడు, ఇప్పుడు సిగ్గుపడుతున్నాడని రాసేవారు. నాలుగుసార్లొస్తే వాడికే అలవాటవుద్దనీ రాసేవారు."

నాకు తెలుసు ఏం చెయ్యాలో. ఏమైనా తిన్నారా అని అడగాలి. తర్వాత ఆయన గురించి నాకు తెలిసింది ఒకటి చెప్పాలి. ఈ భూమ్మీద ఆయన గురించి నాకు తెలిసినన్ని సంగతులు ఇంకెవరికీ తెలియవు. అత్తయ్య చాలాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత తనే, "ఏమైనా తిన్నావా నాన్నా?" అని అడిగింది.

తల ఊపాను. ఇంకాసేపు కూర్చుని, చెప్పకుండా లేచి వచ్చేశాను. ఆ ఒక్కటీ పద్ధతి ప్రకారమే జరిగింది కాబట్టి, అక్కడున్నవాళ్ళెవరూ నన్ను తప్పు పట్టలేదు.