వదిన నొక్కని బటన్

ఆ రోజు తప్పు నాదేనని ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో చెన్నై సౌకార్‌పేటలో మాకు స్టీలు సామాన్ల హోల్‌సేల్ అంగడి ఉండేది. కంప్యూటర్‌లో లెక్కలు రాసేది మా వదిన. ఇల్లు దాటి ఆమె ఇష్టంగా చేసే పని అదొక్కటే. ఆయుధపూజ ముందురోజు నేను ఆ కంప్యూటర్‌లో పాటలు వినబోయాను. ప్లగ్-ఇన్ అనే ఏదో చిన్న ప్రోగ్రాం ఎక్కించాలని తెర మీద అడిగితే, చదవకుండానే ‘ఎస్’ నొక్కాను.

విజయదశమి ఉదయం, పూజలో పెట్టినవాటితో పని మొదలుపెట్టడం మా ఆనవాయితీ. బంధువులందరి ముందు, గంధం కుంకుమ పెట్టిన కంప్యూటర్‌లో నాయన ఇంటర్నెట్ తెరిచాడు. తెర నిండా సిగ్గుమాలిన బొమ్మలు వచ్చాయి. ఒకటి మూస్తే రెండు తెరుచుకుంటున్నాయి.

“దినామూ ఈడ కూచునేది ఎవురు?” అన్నాడు నాయన.

“నేనేం నొక్కలేదు మామా,” అంది వదిన.

“చాల్లేమ్మా. రేపట్నించి అంగడికి రావద్దు.”

అది నా ప్లగ్-ఇన్ పనేనని అర్థమైనా, గంధం గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. వదిన మళ్లీ అంగడి మెట్లెక్కలేదు.

మొన్న ఆమె తన ల్యాప్‌టాప్ బాగుచేయమని నా దగ్గరికి తెచ్చింది. ఏది తెరిచినా ప్రకటనలే. “నేనేం నొక్కలేదు శీనా, నమ్ము,” అంది. బ్రౌజర్‌లో తెలియకుండా చేరిన ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటే తీసేశాను. ఆ పాత మాటను ఇక మోసే ఓపిక లేకపోయింది.

“నమ్ముతా వదినా. ఆ దశమినాడూ నువ్వు నొక్కలేదు, నేనే నొక్కినా. నన్ను మన్నించు,” అన్నాను.